పుట్టింటి జెర్సీ
ఒక క్లబ్బు రిజిస్ట్రారు నేర్చుకున్న తొమ్మిది పాఠాలు

మాది చీరాల. 1998లో మా ఆయన జూనియర్ డాక్టరుగా ఐర్లండు వచ్చినప్పుడు మూడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని నేనూ వచ్చాను. ఇక్కడ జూనియర్ డాక్టర్లది సంచార జీవితం. జనవరిలో ఒక ఊరు, జూలైలో ఇంకో ఊరు. లెటర్‌కెన్నీలో అట్టపెట్టెలు విప్పకముందే పోర్ట్‌లీష్‌కు మూట కట్టాం. తర్వాత కేవన్ కౌంటీలో అయిదేళ్ళు ఆగి, 2008లో కిల్డేర్ వచ్చి స్థిరపడ్డాం.

పిల్లాడి ఆట కోసం గ్రౌండు పక్కన గొడుగేసుకుని నిలబడేదాన్ని. ఊరికే నిలబడిందని చూసి, ఫారాలు నింపే పని నాకు అప్పగించారు. అలా క్లబ్బు రిజిస్ట్రారునై, పదమూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చిన మన పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. "ఆంటీ, మేం ఈ కౌంటీ నుంచి ఆ కౌంటీకి మారుతున్నాం, బాబు ఆట సంగతేంటి?" అని. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక తగ్గింది, అందుకే ఇలా రాసిపెడుతున్నాను.

1. ముందు క్లబ్బు, దాని వెనకే కౌంటీ

మన క్రికెట్ లెక్కలో చూస్తే ఈ ఆటలు అర్థం కావు. గేలిక్ ఫుట్‌బాల్‌నూ, కర్రలతో ఆడే హర్లింగ్‌నూ నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. అందరూ జి.ఎ.ఎ. అంటారు. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ అనే ఊళ్ళో, ఒక హోటల్లో పుట్టింది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఫైనల్ జరిగితే 82 వేల మంది వస్తారు. అంతమంది ముందు గోల్ కొట్టినవాడు ఆ వారంలోనే మళ్ళీ బళ్ళో పాఠం చెబుతుంటాడు, లేదా పొలంలో ఆవులకు మేత వేస్తుంటాడు. జీతం లేదు, వేలంపాట లేదు.

కొనడం అమ్మడం లేని చోట ఆటగాణ్ణి పట్టి ఉంచేది మరొకటి కావాలి. ఇక్కడ అది క్లబ్బు. పిల్లాడు క్లబ్బుకు చెందుతాడు, క్లబ్బు కౌంటీకి చెందుతుంది. మొదట్లో కౌంటీ జట్టు అంటే ఆ కౌంటీలో నెగ్గిన క్లబ్బే. 1892 నుంచి మిగతా క్లబ్బులవాళ్ళనూ కలుపుకోనిచ్చారు. కాబట్టి "మా వాడు ఇక కిల్డేర్‌కు ఆడొచ్చా?" అని కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేయకండి. "మీ వాడిది ఏ క్లబ్బు?" అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న.

2. తొలి క్లబ్బే పుట్టిల్లు

ఈ పాఠం నాకు రెండు పాయింట్ల ఖరీదుకు వచ్చింది. ఆ పాయింట్లు కూడా నావి కావు, పదిహేనుమంది పిల్లలవి.

2008లో కిల్డేర్ రాగానే మా వాణ్ణి దగ్గర్లోని క్లబ్బులో చేర్చాను. ఫారంలో "ఇంతకుముందు వేరే క్లబ్బులో సభ్యుడా?" అని ఉంది. కేవన్ వేరే కౌంటీ కదా, అది లెక్కలోకి రాదనుకుని "కాదు" అని టిక్కు పెట్టాను. పదమూడేళ్ళవాడు అండర్-14 లీగు మ్యాచ్ ఆడాడు, గెలిచారు. వారం తిరక్కుండానే అవతలి క్లబ్బు అబ్జెక్షన్ పెట్టింది. కేవన్ క్లబ్బులో వాడి పేరు ఇంకా ఉంది, ట్రాన్స్‌ఫర్ కాలేదు. రెండు పాయింట్లూ పోయాయి. అవతలివాళ్ళది తప్పేం లేదు. తప్పు నా టిక్కుది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత రూల్ పుస్తకం తెచ్చుకుని చదివాను. ఆటగాడు తొలిసారి నియమప్రకారం పోటీ ఆడిన క్లబ్బును హోమ్ క్లబ్బు అంటారు. అతను ఎక్కడికి పోయినా ఆ క్లబ్బుకూ ఆ కౌంటీకీ విధేయత కలిగినవాడేనని పుస్తకం చెబుతుంది. చదవగానే నాకు తట్టింది ఒక్కటే మాట: పుట్టిల్లు. మెట్టినింటికి పోయినా పుట్టింటి పేరు పోదు, తిరిగి వస్తే తలుపు తీసే ఉంటుంది. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి క్లబ్బుకు ఆడుతూ, కౌంటీ మ్యాచ్ వచ్చేసరికి మేయోకో డొనెగాల్‌కో సొంత జెర్సీ వేసుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. శుక్రవారం సాయంత్రం ట్రెయినింగ్‌కు మూడు గంటలు కారు నడుపుకుని పోతారు. ఒకటే షరతు. ఒకే ఏడాది చాంపియన్‌షిప్‌లో రెండు కౌంటీలకు ఆడడం కుదరదు.

3. మ్యాపులో కౌంటీ వేరు, ఆటలో కౌంటీ వేరు

బాలఘడరీన్ అనే ఊరుంది. ప్రభుత్వ లెక్కల్లో అది రాస్‌కామన్ కౌంటీ. ఆటలో మాత్రం మేయో! 1898 చట్టం కింద సరిహద్దులు సర్దినప్పుడు ఊరిని మేయోలోంచి తీసి రాస్‌కామన్‌లో కలిపారు. క్లబ్బు మాత్రం కదల్లేదు. 2017లో ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ అయిన మేయో ఆటగాడు ఆండీ మోరన్‌ది ఆ క్లబ్బే. పాకిస్తాన్‌లో పుట్టి ఆ ఊళ్ళో పెరిగిన షైరోజ్ అక్రమ్ కూడా ఆ దారినే మేయో అండర్-21 జట్టులోకి వెళ్ళాడు.

డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌ను 1994లో ముక్కలు చేశారు. ఆటలో డబ్లిన్ ఒక్కటే. ఉత్తర ఐర్లండులో కౌంటీలు పాలన యూనిట్లుగా ఎప్పుడో పోయాయి. ఆటలో ఆరుకు ఆరూ ఉన్నాయి. 2022లో మా ఆంధ్రలో పదమూడు జిల్లాలు ఇరవయ్యారు అయినప్పుడు, ప్రకాశం జిల్లా చీరాల కాస్తా బాపట్ల జిల్లా చీరాల అయింది. మా చెల్లెలు ఫోన్‌లో "మనం ఇప్పుడు ఏ జిల్లావాళ్ళం అక్కా?" అని నవ్వింది. బాలఘడరీన్‌వాళ్ళకు ఆ ప్రశ్న నూరేళ్ళ పైనుంచీ ఉంది, జవాబూ ఉంది. కాబట్టి ఇల్లు కొనేముందు పోస్టల్ అడ్రసు చూసి క్లబ్బును తేల్చుకోకండి. పైగా చాలా కౌంటీల్లో పరిష్ నియమం ఉంటుంది. ఏ చర్చి పరిధిలో ఉంటే ఆ పరిధి క్లబ్బు. వీధికి ఆ పక్క ఒక క్లబ్బు, ఈ పక్క ఇంకోటి కావచ్చు.

4. అడ్రసు అరువియ్యకండి, అరువు తెచ్చుకోకండి

కౌంటీ మారాలంటే ఆ కౌంటీలో నిజంగా కాపురం ఉండాలి. రూల్ మాటల్లో శాశ్వత నివాసం. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, ఉద్యోగం ఎక్కడ, వారంలో ఎన్ని రాత్రులు ఆ ఇంట్లో పడుకుంటావు అన్నదాకా ప్రశ్నలు వస్తాయి.

నాకిది కొత్త కాదు. మా అన్నయ్య పదో తరగతి దాకా చీరాలలో చదివి ఇంటర్‌కు హైదరాబాద్ పోయాడు. ఎంట్రన్స్ వేళకు ఎక్కడ లోకల్, ఎక్కడ నాన్‌లోకల్ అని ఇల్లంతా వేడెక్కింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో వరసగా నాలుగేళ్ళ చదువు లెక్క. స్టడీ సర్టిఫికెట్ల కోసం నాన్న బడుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. ఇక్కడి ఫారాలు చూసినప్పుడల్లా నాకు ఆ సర్టిఫికెట్లే గుర్తొస్తాయి.

ఒకసారి తెలిసినావిడ ఇంటికొచ్చి టీ తాగి, "మా తమ్ముడి కొడుక్కి మీ అడ్రసు వాడుకోనిస్తారా? ఉత్తరాలు వస్తే చాలు" అని అడిగింది. కుర్రాడు బాగా ఆడతాడట, తన కౌంటీలో చోటు దొరకడం లేదట. బియ్యం అడిగితే ఇచ్చేదాన్ని, అడ్రసు ఇవ్వలేదు. ఆమె కొన్నాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంది. కానీ రేపు కమిటీ పిలిచి "నీ గదిలో కిటికీ ఏ వైపు?" అని అడిగితే, అబద్ధం చెప్పాల్సింది ఆ కుర్రాడే కదా.

5. రూల్ నెగ్గినా, గ్రౌండు ఇంకా మిగిలే ఉంటుంది

2012లో ఐర్లండంతా మాట్లాడుకున్న ట్రాన్స్‌ఫర్ మా రెండు ఊళ్ళ మధ్యే జరిగింది. షానీ జాన్‌స్టన్ కేవన్‌కు మంచి ఫార్వర్డ్. 2011లో కౌంటీ జట్టులో చోటు పోయింది. కిల్డేర్‌లోని ఒక క్లబ్బుకు మారి కిల్డేర్‌కు ఆడతానన్నాడు. నివాసం దగ్గర అభ్యంతరం వచ్చింది, కమిటీల మెట్లెక్కి దిగారు, నెలలు గడిచాయి. చివరికి ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఇంకో ముడి: కొత్త కౌంటీలో ఒక క్లబ్ చాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడి ఉండాలి. సమయానికి ఫుట్‌బాల్ మ్యాచ్ లేదు. దాంతో ఒక హర్లింగ్ క్లబ్బు తరఫున కర్ర పట్టుకుని కాసేపు మైదానంలోకి దిగాడు. రూల్ పూర్తయింది.

ఆ వెంటనే డ్రాలో కిల్డేర్‌కు వచ్చిన ప్రత్యర్థి ఎవరనుకున్నారు? కేవన్! అదీ కేవన్ సొంత గ్రౌండు బ్రెఫ్నీ పార్క్‌లో. జూలైలో మేమూ వెళ్ళాం. పదిహేడేళ్ళ మా వాడు కిల్డేర్ తెల్ల జెర్సీ వేసుకోనన్నాడు, కేవన్ నీలం వేసుకోనన్నాడు. మామూలు చొక్కాతో వచ్చాడు. జాన్‌స్టన్ సబ్‌స్టిట్యూట్‌గా దిగగానే స్టాండంతా ఒక్కసారి అరిచింది. అతను ఒక పాయింటు కొట్టాడు. కిల్డేర్ గెలిచింది. మా పక్కన కేవన్‌లోని మా పాత పొరుగాయన, మావాడికి బంతి పట్టడం నేర్పినాయన, ఏమీ అరవకుండా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

జాన్‌స్టన్‌ను నేను తప్పు పట్టను. రూల్ ఇచ్చిన తలుపులోంచే వచ్చాడు, తర్వాత కేవన్‌కే తిరిగి వెళ్ళి ఆ జెర్సీలోనే మళ్ళీ ఆడాడు. నేను పిల్లలకు చెప్పేదల్లా, ఫారం పాసయ్యాక ఆ అరుపులనూ ఆ మౌనాన్నీ మొయ్యగలవా అని ముందే ఆలోచించుకోమని.

6. పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి పరాయివాడనకండి

పై పాఠం విని, జెర్సీ మార్చినవాళ్ళందరూ ద్రోహులనుకునేరు. 1938లో దేశస్థాయి ఆల్ ఐర్లండు హర్లింగ్ చాంపియన్‌షిప్ గెలిచిన డబ్లిన్ జట్టులో డబ్లిన్‌లో పుట్టినవాడు ఒక్కడే, జిమ్ బర్న్. మిగిలినవాళ్ళంతా ఉద్యోగాలకని పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. మేం వచ్చిన 1998లోనే కిల్డేర్ ఫుట్‌బాల్ జట్టు లెన్‌స్టర్ ప్రాంతపు టైటిల్ గెలిచింది, అదీ 1956 తర్వాత మొదటిసారి. ఆ జట్టులో కార్ల్ ఓడ్వయర్‌ది కెర్రీ, బ్రయన్ లేసీది టిప్పరరీ, బ్రయన్ మర్ఫీది కార్క్. కోచ్ మిక్ ఓడ్వయర్ కూడా కెర్రీవాడే, కార్ల్ తండ్రి. ఆ ఏడు ఆల్ ఐర్లండు సెమీఫైనల్లో తండ్రీకొడుకులు కలిసి సొంత కౌంటీ కెర్రీని ఒక్క పాయింటుతో ఓడించారు. కిల్డేర్‌లో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ ముసలివాళ్ళ కళ్ళు మెరుస్తాయి.

అదే ముసలివాళ్ళను పరాయి కౌంటీకి పోయినవాళ్ళ గురించి అడిగి చూడండి, స్వరం మారుతుంది. వచ్చినవాడు మనవాడు, పోయినవాడు పగవాడు! అత్తగారు కోడల్నీ కూతుర్నీ వేరు తూకాల్లో తూచినట్టే. ఇది ఏ కౌంటీకైనా ఉన్న జబ్బే, మా కిల్డేర్‌కూ ఉంది.

7. పోతున్నవాణ్ణి తిట్టేముందు, ఎందుకు పోతున్నాడో అడగండి

లారీ టామ్‌కిన్స్ కిల్డేర్ బిడ్డ. న్యూయార్క్‌లో పని చేసుకుంటూ కౌంటీ మ్యాచ్ కోసం విమానమెక్కి వచ్చాడు. తిరుగు టికెట్ డబ్బుల దగ్గర కౌంటీ బోర్డుతో తగాదా వచ్చింది. ఆ తర్వాత అతను కార్క్ కౌంటీలో కాసిల్‌హేవన్ క్లబ్బులో చేరాడు. 1987 నుంచి కార్క్ జెర్సీ వేశాడు, 1989లో ఆల్ ఐర్లండు గెలిచాడు, 1990లో కెప్టెన్‌గా కప్పు అందుకున్నాడు. సైన్యంలో ఆఫీసరైన షే ఫాహీ కూడా కిల్డేర్‌వాడే, పోస్టింగు మీద వెళ్ళి అదే కార్క్ జట్టులో ఆడాడు.

ఒక విమానం టికెట్ ఎంతని? మా క్లబ్బు మీటింగుల్లో ఎవరైనా "పోతే పోనీ" అన్నప్పుడల్లా నేను ఈ టికెట్ సంగతి ఎత్తేదాన్ని. ట్రాన్స్‌ఫర్ ఫారంలో కారణం రాసే గడిలో అందరూ "ఉద్యోగం" అనో "నివాసం" అనో రాస్తారు. అసలు కారణం ఆ గడిలో పట్టదు. బెంచీ మీద కూర్చోబెట్టిన ఏడాది, దెబ్బ తగిలినప్పుడు ఒక్కరూ ఫోన్ చేయని నెల, తమ్ముడిని ఎవరో అన్న మాట. నేను రిజిస్ట్రారుగా ఉన్నన్నాళ్ళు ఫారం చేతికొస్తే సంతకం పెట్టేముందు ఆ ఇంటికి వెళ్ళి టీ తాగేదాన్ని. ఇద్దరు కుర్రాళ్ళు ఆగిపోయారు. మిగతావాళ్ళు వెళ్ళారు గానీ, కోపంతో వెళ్ళలేదు.

8. అబ్జెక్షన్ అనే రాయి పైకి విసిరితే మీ నెత్తిన కూడా పడొచ్చు

1925 ఆల్ ఐర్లండు ఫుట్‌బాల్ సెమీఫైనల్లో కెర్రీ కేవన్‌ను ఓడించింది. కెర్రీ ఆడించిన ఒకతనికి అర్హత లేదని కేవన్ అబ్జెక్షన్ పెట్టింది. ఊరుకుంటారా, కేవన్ ఆడించిన ఒకతనికీ లేదని కెర్రీ ఎదురు పెట్టింది. విచారిస్తే ఇద్దరి మాటా నిజమే! రెండు జట్లనూ తీసేశారు. మిగిలిన సెమీఫైనల్లో వెక్స్‌ఫర్డ్‌ను గెలిచిన మేయో విజేత అన్నారు. కానీ మేయో కొనాక్ట్ ప్రాంతపు పోటీ పూర్తికాకముందే ప్రతినిధిగా వచ్చిన జట్టు. ఆ పోటీ ఫైనల్ ఆడితే మేయోను గాల్వే ఓడించింది. టైటిల్ గాల్వేకు పోయింది. కోర్టు గొడవల్లో రెండు వైపులవాళ్ళ పొలమూ పోయి మూడోవాడు పంట కోసుకున్నట్టు!

ఇప్పుడు హియరింగ్స్ కమిటీ, దానిపై అప్పీల్స్ కమిటీ, చివర వివాదాల పరిష్కార సంస్థ అని మెట్లున్నాయి. మెట్లున్నాయని ఎక్కక్కర్లేదు. అవతలివాళ్ళ రికార్డు తవ్వేముందు మన రిజిస్టరు తీసి చూసుకోండి. 2008 నాటి నా టిక్కు సాక్షిగా చెబుతున్నాను.

ఒక చిన్న జాగ్రత్త కూడా. అమ్మాయిల గేలిక్ ఫుట్‌బాల్‌కు 1974లో పుట్టిన వేరే సంఘం ఉంది, అమ్మాయిల హర్లింగ్ అయిన కెమోగీకి 1904 నుంచి మరొకటి. ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్ళది, ఎవరి ట్రాన్స్‌ఫర్ వాళ్ళది. 2027కల్లా మూడూ ఒకే గొడుగు కిందికి రావాలని లక్ష్యం పెట్టుకున్నాయి. అందాకా, అన్నయ్యది మారింది కదా అని చెల్లెలిది మారిందనుకోకండి.

9. చిన్న కౌంటీ లేకపోతే పెద్ద కౌంటీకి ఆటే లేదు

ఇన్ని ముళ్ళెందుకు, ఎవరికి ఎక్కడ ఇష్టమైతే అక్కడ ఆడనివ్వచ్చుగా అని మా ఆయన చాలాసార్లు విసుక్కున్నారు. లెక్క చెప్పాను. 2022 జనాభా లెక్కల్లో డబ్లిన్‌లో పద్నాలుగున్నర లక్షల మంది. లీట్రిమ్‌లో ముప్పై అయిదు వేలు, అంటే మన దగ్గర ఒక మండలం పాటి. ఉద్యోగాలన్నీ డబ్లిన్‌లోనే. తలుపులు బార్లా తీస్తే లీట్రిమ్‌లో పదిహేనుమంది మిగులుతారా? ఆ చిన్న కౌంటీ కొనాక్ట్ టైటిల్ గెలిచింది రెండేసార్లు, 1927లో, 1994లో. మధ్యలోని అరవై ఏడేళ్ళలో ఎన్ని తరాల కుర్రాళ్ళు గెలవకుండానే ఆ జెర్సీ వేసి విప్పారో! అలా నిలిచినవాళ్ళు ఉన్నారు కాబట్టే 1994 అంత తియ్యగా ఉంది.

లండన్, న్యూయార్క్ జట్లు కూడా అదే కొనాక్ట్ పోటీలో ఆడతాయి. వలస వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కలిసిన జట్లవి. 2023లో న్యూయార్క్ చాంపియన్‌షిప్‌లో తొలిసారి గెలిచింది, గెలిచింది లీట్రిమ్ మీదే. ఆ రోజు బ్రాంక్స్‌లో పండగ చేసుకున్నవాళ్ళలో ఎందరి హోమ్ క్లబ్బులు అట్లాంటిక్‌కు ఇవతల ఉన్నాయో.

రెండేళ్ళ క్రితం, నేను కుర్చీ దిగేముందు చివరగా చూసిన ఫారాల్లో ఒకటి మా వాడిది. ఉద్యోగం గాల్వేలో, పెళ్ళీ అక్కడే, ఇక అక్కడి క్లబ్బులో ఆడతానన్నాడు. వాడు కౌంటీ స్థాయి ఆటగాడేం కాదు, జూనియర్ జట్టులో బ్యాక్. ఇప్పుడు కాగితాలు లేవు, అంతా ఫొయిరన్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే. తెర మీద వాడి పేరు, కిందకు వస్తే మా క్లబ్బు పేరు ఉంటుందనుకున్నాను. ప్రస్తుత క్లబ్బు అన్నచోట ఉంది. హోమ్ క్లబ్బు అన్నచోట మాత్రం కేవన్‌లోని ఆ పాత క్లబ్బు పేరు ఉంది. పదమూడేళ్ళు నేను ఫారాలు నింపిన క్లబ్బు వాడికి మెట్టినిల్లేనన్నమాట.

కాసేపు అలాగే చూశాను. తర్వాత కేవన్‌లో ఆ పొరుగాయనకు ఫోన్ చేశాను. ఎనభై దాటాయి, చెవి సరిగ్గా వినపడదు. "మావాడు గాల్వే పోతున్నాడండీ" అని గట్టిగా చెప్పాను. "మంచిది. శనివారం ట్రెయినింగ్ పదకొండింటికని వాడికి చెప్పమ్మా" అన్నాడాయన. ఏ ఏడాది అనుకున్నాడో ఏమో. "అలాగే చెబుతానండీ" అని ఫోన్ పెట్టేసి, వాడి ట్రాన్స్‌ఫర్ ఆమోదించాను.